రేంజ్‌లో మఫ్ పెట్టుకుంటే తలనొప్పి: చెవులకు ఏం కొనాలి, ఎలా పెట్టుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ దగ్గర తుపాకీ కాల్చే ఇండోర్ రేంజ్‌కి ఆఫీసు వాళ్లతో మూడుసార్లు వెళ్లారు, రేంజ్ వాళ్లిచ్చిన ఇయర్‌మఫ్ (చెవుల మీద కప్పుల్లా కూర్చునేది) పెట్టుకుంటే అరగంటకే తలనొప్పి, మధ్యమధ్యలో కాస్త పైకెత్తి గాలి పోనిచ్చారు, ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున దాకా చెవిలో గుయ్‌మంటూనే ఉంది. మీది మందపాటి ఫ్రేమ్ కళ్లజోడు. వంద డాలర్లలో ఏది కొనాలి, డబ్బా మీద 33 అని రాసున్నది మంచిదా 22 అని రాసున్నది మంచిదా అని అడిగారు. వచ్చేసారి మీ ఆవిడ కూడా వస్తానంటున్నారు, కానీ చప్పుడంటే భయం. ఇదేగా?

కొనే సంగతి తర్వాత చూద్దాం. ఆ గుయ్‌మనడం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి తలనొప్పి గురించి నాలుగు లైన్లు రాశారు, అసలు తిరగేసి రాయాల్సింది. తలనొప్పి ఒక టీ తాగి పడుకుంటే పోతుంది. చెవిలోపల శబ్దాన్ని పట్టుకునే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి చచ్చిపోతే మనుషులకు మళ్లీ మొలవవు. దీపావళికి పక్కనే లక్ష్మీ బాంబు పేలినా ఇలాగే గింగురుమంటుంది, రెండ్రోజుల్లో పోతుందిలే అని మనందరికీ చిన్నప్పటి నుంచి ఒక ధైర్యం. గుయ్‌మనడం పోతుంది నిజమే, లోపల జరిగింది మొత్తం పోయిందని మాత్రం కాదు. ఈసారి అలా ఒక రోజు దాటినా, ఒక చెవి మూసుకుపోయినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా ఇఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వారం ఆగి చూద్దాం అనుకోవద్దు.

నా సంగతే చెప్తాను. నేను రైఫిల్ మొదలుపెట్టిన కొత్తలో రెండేళ్లు చెవిలో దూర్చుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్స్ తప్పుగా పెట్టుకున్నా, తప్పని కూడా తెలీదు. సగం బయటికి కనిపించేలా దూర్చి, బాగానే ఉందిగా అనుకునేవాణ్ని. తర్వాత ఎప్పుడో వినికిడి పరీక్ష చేయిస్తే ఎడమ చెవి గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడినట్టు గీత కిందికి దిగింది. కుడి చెవి బాగానే ఉంది. ఎందుకో ఆ ఆడియాలజిస్టే చెప్పారు: నేను కుడిచేతివాటం, రైఫిల్ కుడి భుజానికి ఆనించి తల వంచితే ఎడమ చెవి తుపాకీ మూతి వైపు తిరుగుతుంది, కుడి చెవికి తలే అడ్డు. రైఫిల్ కాల్చేవాళ్లలో ఇది మామూలేనట. ఇప్పటికీ రాత్రి ఫ్యాన్ ఆపితే ఎడమ చెవిలో సన్నగా ఈల వినిపిస్తుంది, జోరీగ దూరినట్టు. అలవాటైపోయింది కానీ, మీకు అలవాటు కావాల్సిన అవసరం లేదు.

ఇక మీ తలనొప్పి. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే మఫ్ బిగువు ఒక్కదాని వల్ల కాదు, మీ కళ్లజోడు వల్ల. ఫ్రేమ్ కాడ కణత మీదుగా చెవి వెనక్కి వెళ్తుంది కదా, దాని మీద మఫ్ కప్పు కూర్చుని అరగంటసేపు లోపలికి నొక్కుతూ ఉంటుంది. కాడ మందంగా ఉంటే ఆ ఒత్తిడంతా చెవి పైన బొమిక మీద ఒకే గీతలా పడుతుంది. మఫ్ తీశాక అద్దంలో చూసుకోండి, అక్కడ ఎర్రగా గీత పడి ఉంటే నేను చెప్పింది నిజమే. పైగా ఆ కాడ పక్కన కప్పుకీ తలకీ మధ్య సందు మిగులుతుంది, శబ్దం అందులోంచే వచ్చేస్తుంది. అంటే నొప్పీ మీకే, చప్పుడూ మీకే.

మధ్యలో పైకెత్తి గాలి పోనిచ్చానన్నారు చూశారా, మీ చెవి మోగింది బహుశా అక్కడే. పక్క లేన్‌లో వాడు ఎప్పుడు ట్రిగ్గర్ నొక్కుతాడో మీకు తెలీదు. నెలరోజులు జాగ్రత్తగా ఉండి ఒక్క షాట్‌కి చెవి తెరిచి పెట్టినా నష్టం జరిగిపోతుంది. అందుకే నేను ఎవరు అడిగినా ముందు సౌకర్యం చూసుకోమంటాను. నొప్పి పెట్టే మఫ్‌ని ఎంత బుద్ధిమంతుడైనా పదిసార్లు సర్దుతాడు, సర్దిన ప్రతిసారీ చెవి బయటపడుతుంది. డబ్బా మీద 31 అని ఉన్నదాన్ని పది నిమిషాలకోసారి ఎత్తేవాడి కంటే, 22 ది పెట్టుకుని గంటసేపు దాని ఊసే మర్చిపోయినవాడి చెవులు బాగుంటాయి.

ఆ నంబర్ల గోల ఏంటంటే, దాన్ని ఎన్‌ఆర్‌ఆర్ అంటారు, అమెరికాలో చెవి రక్షణకి అమ్మే ప్రతి డబ్బా మీదా ఉండాలి. శబ్దం ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో ల్యాబ్‌లో కొలిచి వేసిన అంకె అది. ల్యాబ్‌లో అన్నది గుర్తుపెట్టుకోండి, అక్కడ పద్ధతిగా కూర్చోబెట్టి సరిగ్గా పెట్టించి, తుపాకీ మోతతో కాకుండా నిలకడగా వచ్చే శబ్దంతో కొలుస్తారు. మనం రేంజ్‌లో ఒక చేత్తో తూటాల మ్యాగజైన్ పట్టుకుని ఇంకో చేత్తో ప్లగ్ దూర్చేసరికి అందులో సగం కూడా రాకపోవచ్చు. ఇక్కడి కార్మిక భద్రత వాళ్లు ఫ్యాక్టరీల కోసం ఒక పిసినారి లెక్క వాడతారు: డబ్బా మీది అంకెలోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేయడం. అలా చూస్తే 33 ది 13 అవుతుంది, 22 ది ఏడున్నర. సరిగ్గా పెట్టుకుంటే దీనికంటే చాలా ఎక్కువే తగ్గుతుంది, భయపడకండి, కానీ 33కీ 30కీ తేడా గురించి బుర్ర బద్దలు కొట్టుకోవడం అనవసరమని దీన్నిబట్టి అర్థమవుతుంది. పెట్టుకోవడంలో తేడా వస్తే పోయేది మూడు కాదు, పదిహేను.

మరి ఎదురుగా ఉన్నది ఎంత? రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటితే చెవులకు మంచిది కాదని ఇక్కడ కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ అంటుంది. తుపాకీ చప్పుడులాంటి ఒక్క దెబ్బ శబ్దానికి 140ని గీతగా పెట్టుకుంటారు. పాయింట్ 22 రైఫిల్ (ఈ 22 తూటా సైజు, డబ్బా మీది అంకె కాదు) ఆ గీత దగ్గరే ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్ 160 దగ్గర, ఏఆర్-15 లాంటి రైఫిళ్లు అది కూడా దాటతాయి, మూతి దగ్గర మజిల్ బ్రేక్ (పేలిన గ్యాస్‌ని పక్కలకు మళ్లించే ముక్క) ఉంటే పక్కవాళ్లకు ఇంకా నరకం. ఈ డెసిబెల్స్ మామూలు కూడికలా పెరగవు, పది పెరిగితే శక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. పైగా మీరు వెళ్లేది ఇండోర్. నాలుగు గోడలు, కాంక్రీటు నేల, శబ్దం కొట్టుకుని కొట్టుకుని తిరిగి వస్తుంది, మీ తుపాకీ ఒక్కటే కాదు, పది లేన్లలో పది తుపాకులు. 160లోంచి 22 తీసేస్తే 138 అని లెక్క బాగానే కనిపిస్తుంది కానీ, మీ కళ్లజోడు సందుతో ఆ 22 ఎప్పుడూ రాదు.

అందుకే ఇండోర్‌లో నా పద్ధతి ఒకటే, రెండూ కలిపి పెట్టుకోవడం. లోపల ఫోమ్ ప్లగ్, పైన మఫ్. రెండు అంకెలు కూడేసి 33కి 22 కలిస్తే 55 అనుకునేరు, అలా కాదు, పెద్ద అంకె మీద ఇంకో ఐదు వస్తుందని లెక్కేసుకోవాలి, ఎందుకంటే కొంత శబ్దం చెవిగుండా కాకుండా పుర్రె ఎముక గుండానే లోపలికి పోతుంది. ఐదే కదా అనిపిస్తుంది. కానీ మీకు దీనిలో అసలు లాభం వేరే ఉంది: అసలు పని లోపలి ఫోమ్ చేస్తోంది కాబట్టి పైన మఫ్ తల పిండేసేలా బిగుతుగా ఉండక్కర్లేదు, పలచగా తేలిగ్గా ఉన్నది చాలు, కళ్లజోడు దగ్గర కాస్త సందు వచ్చినా కొంప మునగదు. మఫ్ ఎప్పుడైనా జారినా లోపల ఫోమ్ ఉంటుంది. మీ తలనొప్పికి మందు ఇదే.

ఇప్పుడు ఫోమ్ పెట్టుకోవడం. దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే పదిమందిలో ఎనిమిదిమంది తప్పుగా పెట్టుకోవడం నా కళ్లతో చూస్తూనే ఉంటాను. ప్లగ్‌ని బొటనవేలికీ రెండు వేళ్లకీ మధ్య పెట్టి, అగ్గిపుల్ల కంటే కాస్త లావుగా అయ్యేదాకా నెమ్మదిగా చుట్టండి, ముడతలు పడకూడదు, దీపానికి వత్తి చేసినట్టు నున్నగా రావాలి. నలిపితే మడతపడి, ఆ మడతలోంచే శబ్దం పోతుంది. ఇంకో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. మన చెవి దారి నిటారుగా ఉండదు, వంకరగా ఉంటుంది, అలా లాగితే తిన్నగా అవుతుంది. అప్పుడు ప్లగ్ లోపలికి తోసి, వేలి కొనతో అర నిమిషం అలాగే పట్టుకోండి. వెంటనే వదిలేస్తే అది ఉబ్బుతూ బయటికి వచ్చేస్తుంది. లోపల మెల్లగా ఉబ్బుతున్న చప్పుడు వినిపిస్తుంది, లోకం నెమ్మదిగా దూరం జరిగినట్టు ఉంటుంది.

సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి అద్దం ముందు తిన్నగా నిలబడండి, ఎదురుగా చూస్తే ప్లగ్ చివర దాదాపు కనిపించకూడదు. ఏదో ఒకటి మాట్లాడండి, మీ గొంతు మీకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు బొంగురుగా వినిపించాలి. రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపించాలి, ఒకవైపు తేలిగ్గా ఉంటే ఆవైపు తీసి మళ్లీ పెట్టండి. చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు అరచేతులు చెవుల మీద గట్టిగా మూసి తీయండి, మూసినా తీసినా పెద్ద తేడా లేకపోతే ప్లగ్ బాగా కూర్చున్నట్టు. ఇది ఇంట్లో, టీవీ పెట్టుకుని పది రోజులు ప్రాక్టీస్ చేయండి, రేంజ్‌లో నేర్చుకోవడం కుదరదు. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకండి, కొద్దిగా తిప్పుతూ నెమ్మదిగా, లేకపోతే లోపల గాలి లాగి కర్ణభేరి దగ్గర చురుక్కుమంటుంది.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ప్లగ్స్ రేంజ్ లోపలికి వెళ్లాక చుట్టకండి, కారులోనే, శుభ్రమైన చేతులతో పెట్టుకుని వెళ్లండి. తూటాలు పట్టుకున్న వేళ్లకి, కౌంటర్లకి, తుపాకీకి సీసం అంటుకుని ఉంటుంది, అదే వేళ్లతో ఫోమ్ చుట్టి చెవిలో పెట్టుకోవడం ఎందుకు? ఒకసారి వాడిన ఫోమ్ కడిగి మళ్లీ వాడటం కూడా వద్దు. చాలా చవక అవి, పెద్ద డబ్బా కొంటే రెండేళ్లొస్తాయి. మనవాళ్లకు ఏదీ పారేయబుద్ధి కాదు, తెలుసు.

ఏ ఫోమ్ అంటే, అందరి చెవి దారి ఒకలా ఉండదు, ఇది చెప్పులు కొనడం లాంటిదే. హోవర్డ్ లైట్ మ్యాక్స్ అని నారింజ రంగుది 33 ది, పెద్ద చెవి దారి ఉన్నవాళ్లకి బ్రహ్మాండం. నాకు గంట దాటితే లోపలి నుంచి నెట్టినట్టు నొప్పి. అదే కంపెనీ మ్యాక్స్ లైట్ 30 ది, మెత్తగా ఉంటుంది, నేను మూడు అంకెలు పోగొట్టుకుని అదే వాడతాను. నాలుగైదు రకాలు కలిపి అమ్మే ట్రయల్ ప్యాక్‌లు దొరుకుతాయి, ముందు అది కొని ఇంట్లో ఒక్కో రకం గంట గంట పెట్టుకుని చూడండి. వంట చేస్తూనో, లాన్ కొడుతూనో. గంట తర్వాత ఏది మర్చిపోయారో అదే మీది.

మఫ్‌ల విషయానికి వస్తే, మీకు ఎలక్ట్రానిక్ రకం తీసుకోమనే చెప్తాను. బయట మైకులు, లోపల చిన్న స్పీకర్లు ఉంటాయి, మామూలు మాటలు లోపలికి పంపిస్తుంది, పెద్ద చప్పుడు వచ్చినప్పుడు ఆ స్పీకర్ శబ్దాన్ని 82 డెసిబెల్స్ దగ్గరో ఆ చుట్టుపక్కలో ఆపేస్తుంది. దీనివల్ల రక్షణ పెరగదు, ఇది చాలామందికి తెలీదు, రక్షణ అంతా ఆ ప్లాస్టిక్ కప్పు, మెత్తటి దిండూ చేసే పనే. లాభం ఏంటంటే, రేంజ్ ఆఫీసర్ సీజ్ ఫైర్, అంటే కాల్చడం ఆపండి అని అరిస్తే వినిపిస్తుంది, పక్కవాడు ఏదో చెప్పబోతే మఫ్ ఎత్తి "ఆఁ? ఏంటీ?" అనక్కర్లేదు. మీరు మఫ్ ఎత్తడానికి నొప్పి ఒక కారణమైతే మాట వినపడకపోవడం రెండో కారణం అయ్యుంటుంది, అవునా కాదా? లోపల ఫోమ్ పెట్టుకుని మఫ్ వాల్యూమ్ పెంచుకుంటే మాటలు ఇంకా బాగానే వినిపిస్తాయి. రెండు కలిపి పెట్టుకునేవాళ్లకి ఎలక్ట్రానిక్ మఫ్ వల్ల ఉన్న సుఖం అదే.

వాటిలో హోవర్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్ అందరి దగ్గరా కనిపిస్తుంది, 22 ది, పలచగా మడతపడుతుంది, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు, నాలుగు గంటలకు దానంతటదే ఆగిపోతుంది. వాకర్స్ రేజర్ 23 ది, అది కూడా పలచన. పెల్టర్ స్పోర్ట్ ట్యాక్టికల్ 500 అయితే 26, కానీ కప్పు లావు, ధర ఎక్కువ. ఎలక్ట్రానిక్ కానివాటిలో పెల్టర్ ఎక్స్5ఏ 31 ది, రెండు వైపులా టిఫిన్ డబ్బాలు తగిలించుకున్నట్టు ఉంటుంది, పిస్టల్ మాత్రమే కాల్చేవాడికి ఫర్వాలేదు, రైఫిల్ ఎత్తారా, కప్పు వెళ్లి తుపాకీ బట్‌కి కొట్టుకుంటుంది. చెంప ఆనించగానే కుడి కప్పు కింది అంచు లేచి, సరిగ్గా కాల్చే క్షణంలోనే సందు తెరుచుకుంటుంది. షాట్‌గన్‌తో కూడా అంతే. అందుకే రైఫిల్, షాట్‌గన్ కాల్చేవాళ్లు పలచటి కప్పులు, లేదా ప్లగ్స్ మాత్రమే ఇష్టపడతారు. కొనేముందు షాపులో మఫ్ పెట్టుకుని చెంప భుజం వైపు వంచి చూడండి, కప్పు భుజానికి తగిలి కదిలిందంటే అది మీకు పనికిరాదు.

సౌకర్యంలో అసలు కథంతా కప్పు చుట్టూ ఉండే దిండులో ఉంది. చవక మఫ్‌లకు వచ్చే రెక్సిన్ లాంటి దిండు రెండేళ్లకి గట్టిపడి పగులుతుంది, రేంజ్ వాళ్ల అద్దె మఫ్‌లు పట్టుకుని చూడండి, అట్టముక్కలా ఉంటాయి. మీకిచ్చినదీ అలాంటిదే అయ్యుంటుంది. మెత్తటి జెల్ దిండ్లు విడిగా అమ్ముతారు, మీ మఫ్ మోడల్‌కి సరిపోయేవి తీసుకోండి, ధర మఫ్ ధరకు దగ్గర్లోనే ఉంటుంది, అయినా కళ్లజోడు ఉన్నవాళ్లకి పెట్టిన ప్రతి డాలరూ దక్కుతుంది. నాయిస్‌ఫైటర్స్ అని ఒక కంపెనీ అయితే కళ్లజోడు కాడ వెళ్లడానికి ప్రత్యేకంగా గాడి వదిలి చేస్తుంది. టెక్సాస్ ఎండల్లో జెల్ కింద చెమట పడుతుంది, దానికి ఏం చేయలేం, ఒక చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి.

బిగువు తగ్గించడానికి మఫ్‌ని దేనిమీదైనా సాగదీసి పెట్టమని సలహాలిస్తారు. నేనూ విన్నాను, ఒకసారి ఐదు లీటర్ల కుక్కర్ మీద తొడిగి రాత్రంతా ఉంచా. పొద్దున హాయిగా పెట్టుకున్నా, అంత హాయిగా ఎందుకుందో రేంజ్‌లో మొదటి షాట్‌కి తెలిసింది. బ్యాండ్ ఒకసారి సాగితే మళ్లీ రాదు, ఆ మఫ్ ఇప్పుడు మా అబ్బాయి లాన్ కొట్టేటప్పుడు వాడుతున్నాడు. దానికి బదులు హెడ్‌బ్యాండ్ పొడవు సరిచేసుకోండి, కప్పులు చెవుల మధ్యలో సరిగ్గా కూర్చోవాలి, బ్యాండ్ నడినెత్తిన తేలిగ్గా ఆనాలి. ఇంకో చిన్న విషయం, బేస్‌బాల్ టోపీ పెట్టుకుంటారా? దాని నెత్తి మీద చిన్న బొత్తాం ఉంటుంది, బ్యాండ్ సరిగ్గా దాని మీదే కూర్చుని అరగంటకి మేకు దిగినట్టు అనిపిస్తుంది. బొత్తాం లేని టోపీ కొనండి, లేదా నాలాగా కట్టింగ్ ప్లయర్‌తో పీకేయండి. కానీ ఇండోర్‌లో టోపీ మంచిదే, పక్క లేన్ నుంచి ఎగిరిపడే వేడి తూటా గొట్టాలు కళ్లజోడు వెనక్కి పడకుండా ఆపుతుంది.

కళ్లజోడు మాట చెప్పి వదిలేయలేను. వీలైతే రేంజ్‌కని ఒక జత వేరే చేయించుకోండి, మీ పవర్‌తోనే సేఫ్టీ గ్లాసెస్, కాడలు పలచగా బద్దలా తలకు అతుక్కునేలా ఉండేవి. ఎలాగూ రేంజ్‌లో కళ్లకు రక్షణ తప్పనిసరి, మీ మామూలు కళ్లజోడు దానికి సరిపోదు. ఇది చేస్తే సగం తలనొప్పి మఫ్ మార్చకుండానే పోతుంది, అంత ఖచ్చితంగా చెప్తున్నా.

ఎయిర్‌పాడ్స్ పెట్టుకుని పైన మఫ్ పెడితే సరిపోదా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: సరిపోదు. నాయిస్ క్యాన్సిలింగ్ అనేది విమానం హోరు లాంటి నిలకడ శబ్దానికి చేసింది, తుపాకీ దెబ్బ అది మేలుకునేలోపే అయిపోతుంది. ఎయిర్‌పాడ్స్ ప్రో 2లో చెవి రక్షణ ఫీచర్ ఉందిగా అంటారు, తుపాకీ కాల్పులు, బాణసంచా లాంటి వాటికి ఇది పనికిరాదని ఆపిల్ వాళ్లే రాసిపెట్టారు.

మీ ఆవిడ విషయం. చెవి దారి చిన్నగా ఉండే అవకాశం ఎక్కువ, మీకు కొన్న ఫోమ్ ఆవిడకి సరిపోతుందని అనుకోకండి, చిన్న సైజువి విడిగా తీసుకోండి. కమ్మలు, బుట్టలు, మాటీలు అన్నీ ఇంట్లోనే తీసేసి రమ్మనండి. చిన్న దుద్దులే కదా అని వదిలేస్తే వాటి వెనక శీల మఫ్ కింద మెడ వైపు గుచ్చుతూ ఉంటుంది, మా ఆవిడ మొదటిసారి పావుగంటలో బయటికి వచ్చేసింది దాని వల్లే, చప్పుడు వల్ల కాదు. కప్పు కింద జుట్టు ఉంటే అదీ సందే, జడ వేసుకుని వెనక్కి వేసేయాలి, నెత్తి మీద క్లిప్పు పెట్టుకోకూడదు. గర్భవతి అయితే మాత్రం ఇప్పుడొద్దు, పాప పుట్టాక రావచ్చు. తల్లి చెవులకు ఎన్ని పెట్టినా కడుపులో బిడ్డకు అవి అడ్డు కావు, పైగా ఇండోర్ గాలిలో సీసం.

మీరు బాగా అలవాటుపడి నెలకు రెండు మూడుసార్లు వెళ్తుంటే అప్పుడు ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించి కస్టమ్ ప్లగ్స్ చేయించుకోవచ్చు. అచ్చు తీసేటప్పుడు నోరు తెరిచి ఉంచమంటే సిగ్గుపడకుండా తెరవండి, దవడ కదిలితే చెవి దారి ఆకారం మారుతుంది, నోరు మూసుకుని తీయించుకున్న అచ్చు మాట్లాడేటప్పుడు వదులవుతుంది. ఇప్పుడే మాత్రం వద్దు, మూడుసార్లు వెళ్లిన హాబీకి అంత ఖర్చు ఎందుకు. సప్రెసర్ (తుపాకీ మూతికి తగిలించి మోత తగ్గించే గొట్టం) ఉంటే ఇవేమీ అక్కర్లేదట అని ఆఫీసులో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, సినిమాలో 'ఫుస్స్' అన్నట్టు ఏమీ ఉండదు, చాలా తుపాకులు అది తగిలించాక కూడా 130 దాటతాయి. పైగా మీ లేన్‌లో సప్రెసర్ ఉంటే పక్క లేన్ చప్పుడు తగ్గుతుందా?

హైదరాబాద్‌లో పిల్లల్ని షూటింగ్‌లో చేర్పించి ఇది చదువుతున్నవాళ్లు ఉంటారని ఒక మాట. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌కి ఈ హంగామా అంతా అక్కర్లేదు, మామూలు ప్లగ్ చాలు. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ అయితే పాయింట్ 22 తూటాలు, దానికి మంచి రక్షణ కావాలి, షాట్‌గన్‌కి ఇంకా. కానీ అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం పోటీల్లో షూటర్లు శబ్దం లోపలికి పంపించే పరికరం ఉన్న మఫ్‌లు వాడకూడదు. కాబట్టి పోటీలకు వెళ్లే పిల్లలకు అమెరికా నుంచి ఎలక్ట్రానిక్ మఫ్ తెప్పించి డబ్బులు దండగ చేసుకోకండి, మామూలు పలచటి మఫ్ కొనండి, మొదటి నుంచి దానితోనే అలవాటు చేయండి.

మళ్లీ మీ వంద డాలర్లకు వస్తే, ఫోమ్ ట్రయల్ ప్యాక్ ఒకటి ముందు. తర్వాత పలచటి ఎలక్ట్రానిక్ మఫ్, 22 దైనా 23 దైనా సరే, సేల్‌లో యాభై అరవై డాలర్ల చుట్టూ దొరుకుతుంది. మిగిలినవి దాచి వచ్చే నెల జెల్ దిండ్లకు పెట్టండి. మీ ఆవిడకి ప్రస్తుతానికి ఫోమ్, దాని పైన ఒక చవక మామూలు మఫ్ చాలు, నచ్చితే అప్పుడు చూడొచ్చు. అన్నట్టు మీ ఆఫీసు గ్రూపులో వీసా మీద ఉన్నవాళ్లుంటే, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా అద్దె తుపాకీ చేతిలో పట్టుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. రేంజ్ వాడు అడగలేదు కదా అని ఊరుకోవద్దు, లాయర్‌ని అడగమనండి.

రేంజ్‌లో ఎప్పుడైనా ప్లగ్ వదులైనట్టు అనిపిస్తే అక్కడే నిలబడి సర్దుకోకండి. తుపాకీ ఖాళీ చేసి మూతి టార్గెట్ వైపే ఉంచి బెంచ్ మీద పెట్టండి, తలుపులు దాటి బయటి గదిలోకి వచ్చి, చేతులు కడుక్కుని, కొత్త జత పెట్టుకుని మళ్లీ వెళ్లండి. అరగంటకోసారి ఎలాగూ బయటికి వచ్చి ఐదు నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి, మీరు పైకెత్తి పోనిచ్చిన గాలి అక్కడ పోనివ్వండి. మొదటిసారి మీ ఆవిడని శనివారం సాయంత్రం తీసుకెళ్లొద్దు, ఆ గుంపులో ఎవడో ఒకడు పొట్టి బ్యారెల్ ఏఆర్ తెచ్చి పక్క లేన్‌లో మొదలుపెడతాడు, ఇక ఆవిడ జన్మలో రారు. ఒక రోజు సెలవు పెట్టి వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి, గోడ పక్కన చివరి లేన్ అడగండి, పాయింట్ 22 తో మొదలుపెట్టించండి. తుపాకీ ఇచ్చేముందు ఆవిడ చెవుల్లో ప్లగ్ ఎంత లోపల ఉందో మీరే ఒకసారి ఎదురుగా నిలబడి చూడండి.